ముందు సేల్స్ మనిషా, అకౌంట్స్ మనిషా?

చిట్టాపద్దు: పన్నెండుమంది ఉన్న కంపెనీ, ఆర్డర్లు పెరుగుతున్నాయి, ఇంకొక్కరిని తీసుకునే వీలుంది. సేల్స్‌కా, బిల్లింగు, స్టాకు చూసుకోడానికా? నా ఓటు రెండోదానికే. మా పాత ఆఫీసులో ఓ పెద్ద బిల్లు 47 రోజులు కదల్లేదు. అవతలివాళ్ల పర్చేజ్ ఆర్డర్ (సరుకు కావాలని వాళ్లిచ్చే కాగితం) నంబరు దానిమీద వెయ్యలేదు, అంతే. వాళ్ల సిస్టమ్ తిప్పికొట్టింది, ఆ సంగతి మాకు చెప్పిన నాథుడు లేడు. లెక్కల్లో లాభం, బ్యాంకులో చూస్తే జీతాలకే చాలదు. అమ్మకాలు పెరిగేకొద్దీ సరుక్కి డబ్బు ముందే పెట్టాలి, వసూలేమో తర్వాతెప్పుడో. మునిగేది అక్కడే.

దూకుడు: అమ్మకమే లేకపోతే బిల్లు దేనికి వేస్తారండీ? ఇంటికి సరుకులు చేర్చే వెబ్‌వ్యాన్ ఏమైంది? గిరాకీ రాకముందే 1999లో గోదాములు కట్టమని బెక్టెల్ అనే నిర్మాణ కంపెనీతో 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జులైలో దివాలా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పొడిమాట: ఆ నంబరుకి ఎక్సెల్‌లో ఒక కాలమ్ చాలదూ?

చిట్టాపద్దు: ఎక్సెల్ ఉండేది, ఒకాయన ల్యాప్‌టాప్‌లో. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఇదే ఫైనల్’. ఆయన సెలవు పెడితే మాకూ సెలవే. దూకుడు గారూ, గోదాములు కట్టమని నేనన్నానా? అమెరికాలో షేర్లు కొనీ అమ్మే కంపెనీ నైట్ క్యాపిటల్ సంగతి చూడండి. 2012లో కొత్త ప్రోగ్రాం ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఆగస్టు 1న ఎనిమిదోదాంట్లో పాత కోడ్ నిద్రలేచి తప్పుడు ఆర్డర్లు పెట్టేసింది. ముప్పావుగంటలో 44 కోట్ల డాలర్ల పైచిలుకు నష్టం. సరిచూసే రెండో మనిషి లేడు.

దూకుడు: పన్నెండుమందికీ దానికీ పోలికేంటి? ఇంతకీ ఆ నంబరు అడిగి తెచ్చుకోవాల్సింది బిల్లింగువాళ్లు కాదా?

చిట్టాపద్దు: ఆర్డరు తెచ్చినవాళ్లు ఇవ్వాలి.

దూకుడు: బిల్లు వేసేవాళ్లు అడగాలి.

నిమ్మళం: ఆర్డర్ ఫారంలో ఆ గడి నింపందే ముందుకు పోకుండా పెట్టుకోవచ్చు. అరపూట పని.

గోడమీదిపిల్లి: ఒక్క నంబరు కోసం ఇంత రచ్చా 😄

దూకుడు: రచ్చ కాదు. నానా తిప్పలు పడి ఆర్డరు తెస్తే, ఫారం సరిగా లేదని మూడురోజులు ఆపుతారు. కస్టమరు వేరేచోటికి పోయాక ‘ప్రాసెస్ అండీ’ అంటారు. అలా నావి మూడు ఆర్డర్లు పోయాయి. ఒక్కరైనా సారీ చెప్పలేదు.

చిట్టాపద్దు: పోయినవి మూడే లెక్కపెట్టారు. వచ్చినవాటికి కమిషన్ తీసుకున్నారుగా, డబ్బు వసూలు కాకముందే! దాన్ని రాబట్టడానికి ఆర్నెల్లు రోజూ ఫోన్లు చేసి మాటలు పడ్డ మనిషికి ఏం దక్కింది? ఆ మనిషిని నేనే. మీటింగులో చప్పట్లు మాత్రం సేల్స్‌కి.

పొడిమాట: హమ్మయ్య, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది.

దూకుడు: డబ్బు వచ్చాకే కమిషన్ ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మీ బిల్లు తప్పువల్ల ఆలస్యమైతే మాత్రం నాదెందుకు ఆగాలి?

చిట్టాపద్దు: నంబరు మీరివ్వకపోతేనో?

నిమ్మళం: ఆ గడి సంగతి పైన చెప్పాను.