పుస్తకంలోని స్పానిష్ వచ్చింది, పిచ్చాపాటీ స్పానిష్ ఎలా వస్తుంది?

ప్రశ్న (శ్రీకాకుళం)
నమస్కారమండీ. ఇంటి నుంచే పని చేస్తూ, మెక్సికో నగరంలోని సహోద్యోగులతో రోజూ మాట్లాడుతుంటాను. మనకు రాత్రి 7.30 అయ్యేసరికి వారికి ఉదయం 8 గంటలు. 8 నెలలుగా యాప్‌లో పాఠాలు చదివి క్రియారూపాలన్నీ వల్లె వేశాను. అయినా మొన్న నా ఈడు అమ్మాయి ‘కే ఓందా?’ అని పలకరిస్తే అర్థంకాక ఊరుకున్నాను. పని మాటలకు ఇబ్బంది లేదు కానీ, పని మొదలయ్యే ముందు సాగే కబుర్ల దగ్గరే నోరు పెగలడం లేదు. ఏ మాటలతో మొదలుపెట్టమంటారు?

జవాబు (విజయనగరం)
అమ్మా, నేను మెక్సికోలో మూడేళ్లు ఉండి వచ్చాను. ‘ఓందా’ అంటే అల. కానీ ‘కే ఓందా?’ అనేది మన వైపు ‘ఏటి సంగతి?’ అన్నట్టే. ‘తోదో బియెన్, ఇ తూ?’ అంటే చాలు, అంతా బాగుంది, మరి నువ్వో అని. ‘తూ’ మన నువ్వు, ‘ఉస్తెద్’ మన మీరు. కొత్తవారిని నువ్వు అనడానికి మనకు మనసొప్పదు కానీ, ఈడువారి మధ్య ‘ఉస్తెద్’ అంటే దూరం పెట్టినట్టుంటుంది. పెద్దవారితో మాత్రం అదే వాడండి.

మాట వినపడనప్పుడు ‘కే?’ అనకుండా ‘మాందె?’ అని అడగడం అక్కడి మర్యాద. ‘అవొరీతా’ అంటే ఇప్పుడే అని అర్థం, అయితే అది మనవాళ్ల ‘ఇదిగో, వచ్చేస్తున్నా’ లాంటిది, అరగంట కూడా పట్టవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చినది ‘ప్రొవేచో’. మనం ఎవరింటికైనా వెళ్లేసరికి వారు భోంచేస్తుంటే ‘కానివ్వండి, కానివ్వండి’ అంటాం చూడండి, సరిగ్గా ఆ సందర్భంలో అనే మాట అది. హోటల్లో పక్క బల్ల దగ్గరి అపరిచితులకూ చెబుతారు.

జవాబు (బొబ్బిలి)
ఉచ్చారణలో తెలుగువారికి కలిసివచ్చేది చాలా ఉంది. స్పానిష్ త, ద లు మన వాటిలాగే పళ్లకు తగిలి పలుకుతాయి కాబట్టి, ఇంగ్లీషు అలవాటుతో ట, డ అనకండి. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. గొర్రె, కర్ర అనే నాలుకకు ఆ తేడా కష్టం కాదు. ‘నాకు కాఫీ ఇష్టం’ అన్న తీరులోనే వారు ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటారు. అందుచేత ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచే నేరుగా స్పానిష్‌లోకి వెళ్లండి.

జవాబు (టెక్కలి)
ఒక హెచ్చరిక. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి ‘కొహెర్’ అంటారు. మెక్సికోలో అది బూతు, అక్కడ ‘తొమార్’ అనాలి. సరే అనడానికి స్పెయిన్‌లో ‘వాలె’, మెక్సికోలో ‘సాలె’. స్నేహితులు ‘గ్వేయ్’ అని పిలుచుకుంటారు, మన ‘ఒరేయ్’ అంత చనువుతో. వారు మిమ్మల్ని అలా పిలిచేదాకా మీరు అనకండి.

ప్రశ్న అడిగినవారు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ అమ్మాయి ఫలహారం చేస్తూ కనిపిస్తే ‘ప్రొవేచో’ అన్నాను. చేతిలోని ముక్క పక్కన పెట్టి, ‘గ్రాసియాస్! ఇ తూ, కే సెనాస్తె?’ అంది, రాత్రికి నువ్వేం తిన్నావని. చారుకు మాట దొరకలేదు కానీ, అన్నానికి ‘అర్రోస్’ అన్నప్పుడు ఆ ర్ర ఏ తడబాటూ లేకుండా పలికింది.