నిలిపి ఉంచిన కారులో కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క పడట్లేదు: లీకు పట్టేదెలా?

పాతబండి
నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన పెట్రోలు కారు. ట్యాంకులో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మినిమమ్ గీత కన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. నేల మీద అరచేతి వెడల్పు మరక ఉంది, మడుగు లేదు. స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి చూస్తే ఒక్క చుక్కా పడట్లేదు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. వేడి మీద కారనిది చల్లారాక ఎలా కారుతుంది? దేన్ని ముందు చూడాలి? స్టాప్ లీక్ (లీకు పూడ్చడానికి కూలెంట్‌లో కలిపే మందు) పోస్తే పని జరుగుతుందా?

నట్టుబోల్టు
నిలిపిన బండ్లలో ఎక్కువగా వచ్చేది ఇదే రకం. కూలెంట్ పారే రబ్బరు హోస్, దాన్ని బిగించే క్లాంపు కింద ఏళ్లపాటు నలిగి నలిగి ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. వేడికి హోసూ, అది ఎక్కిన మూతీ ఉబ్బి బిగుసుకుంటాయి. చల్లారితే రెండూ కుంచించుకుని సందు వస్తుంది. స్ప్రింగు క్లాంపు అయితే రబ్బరుతో పాటు తనూ ముడుచుకుంటుంది, పట్టు వదలదు. స్క్రూ క్లాంపు ఎక్కడిదాకా బిగించారో అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఇంజిన్ నడిపి కిందకి తొంగి చూడటం ఈ కేసులో దండగ. రాత్రంతా నిలిచిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే వెతకాలి.

క్లాంపులు వదులుగా ఉంటే పావు చుట్టు చొప్పున బిగించండి, అంతకు మించి వద్దు. మూతి ప్లాస్టిక్‌ది అయితే పగులుతుంది, అప్పుడు క్లాంపుతో పోయేది రేడియేటర్ దాకా వస్తుంది.

గ్యారేజీమూల
ముందు నిజంగా తగ్గుతోందో లేదో తేల్చుకోండి. చదునైన చోట, పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద ట్యాంకుకి టేపు ముక్క అంటించి గీత గీయండి. వేడి మీద చూసిన మట్టాన్ని చల్లగా చూసిన మట్టంతో పోల్చేవాళ్లే ఎక్కువ. వేడికి కూలెంట్ పెరిగి మట్టం ఎటూ పైకి వస్తుంది.

మీ ట్యాంకు ఏ రకమో కూడా చూడండి. ప్రెజర్ మూత ట్యాంకు మీదే ఉంటే, అక్కడ కనిపించేదే అసలు మట్టం. మూత రేడియేటర్ మీద ఉండి, పక్కన సన్నటి గొట్టంతో విడి సీసా ఉంటే, సీసాని నమ్మకండి. మూతలోని వాక్యూమ్ వాల్వు పట్టేసినా, ఆ గొట్టం చీలినా చల్లారేటప్పుడు కూలెంట్ సీసాలోంచి వెనక్కి రాదు. సీసా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. చల్లారాకే రేడియేటర్ మూత తీసి లోపల చూడాలి. పైగా అలాంటి సీసా గాలి ఆడేది కాబట్టి నెలల మీద నీళ్లు కొద్దిగా ఆవిరైపోతాయి కూడా. ఆ మాత్రానికి రెండు వేళ్లు దిగదు.

రెంచి14
ఊహలు ఆపి ప్రెజర్ టెస్టర్ పట్టండి. చేత్తో కొట్టే పంపు, దాని మీద మీటరు, మీ మూత మెడకి సరిపోయే అడాప్టర్ ఉంటే చాలు.

మూత మీద అంకె ఉంటుంది: 0.9 అనో 1.1 అనో ఉంటే బార్లు, 13 అనో 16 అనో ఉంటే పీఎస్ఐ. కొన్ని బండ్లకి 1.4 దాకా ఉంటుంది. దాన్ని దాటి కొట్టొద్దు, బాగున్న హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కూడా చిట్లుతుంది. చల్లని ఇంజిన్ మీద మూత తీసి, మట్టం సరిగా నింపి, టెస్టర్ బిగించి ఆ అంకె దాకా కొట్టండి. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ముల్లు కాస్త దిగుతుంది, అది హోసులు సాగడం వల్ల. మళ్లీ కొట్టి 20 నిమిషాలు వదిలేయండి. కదలకపోతే బయటి లీకు లేనట్టే. దిగుతుంటే టార్చి, చిన్న అద్దం పట్టుకుని వెతకండి.

అండర్ షీల్డు (ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవరు) తీసేసి చూడండి. పైనుంచి పడ్డ చుక్క ఆ ప్లాస్టిక్ మీద పారి, ఎక్కడ పల్లముంటే అక్కడ కారుతుంది. నేల మీద మరక ఉన్న చోటికీ లీకున్న చోటికీ సంబంధం ఉండకపోవచ్చు.

మూతని కూడా విడిగా అడాప్టర్‌తో టెస్టు చేయాలి. రబ్బరు వాషర్ ఎండి గట్టిపడితే రాసిన అంకెకి ముందే వదిలేస్తుంది.

పాతబండి
మూత మీద 1.1 ఉంది. అక్కడిదాకా కొట్టాను, 20 నిమిషాల్లో 0.8కి వచ్చింది. హోసులు పొడిగా ఉన్నాయి. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) హౌసింగ్ కింద గులాబీ రంగు పొడి ఉంది, తడి లేదు. హీటర్ కోర్ కారితే తడవాల్సిన ముందు కార్పెట్ కూడా పొడిగానే ఉంది. ఆయిల్ మూత కింద మాత్రం పాల మీగడలా కొంచెం అంటుకుని ఉంది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పోయిందా?

నట్టుబోల్టు
మీగడ చూసి హెడ్ విప్పే పని పెట్టుకోకండి. నిలిపిన బండిని మధ్యమధ్య ఐదు నిమిషాలు నడిపి ఆపేస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, క్రాంక్‌కేసులోని తేమ చల్లటి మూత కింద చేరి ఇలాగే అవుతుంది. తుడిచేసి, డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి. దాని మీద ఆయిల్ శుభ్రంగా ఉండి మట్టం పెరగకపోతే అది తేమే. ఆయిల్ మట్టం పెరిగి, స్టిక్ మీదే పాలకాఫీ రంగు కనిపిస్తే అప్పుడు భయపడాలి.

రెంచి14
ఒక హెచ్చరిక కలుపుతాను. బయట ఎక్కడా తడి కనపడక, ముల్లు దిగుతూ పోతుంటే స్టార్ట్ చేయకండి. కూలెంట్ సిలిండర్లోకి దిగి పిస్టన్ మీద నిలిచి ఉండొచ్చు. ద్రవం నొక్కుకోదు, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజూ ఇగ్నిషన్ కనెక్టరూ పీకి, అప్పుడు సెల్ఫ్‌తో ఇంజిన్ తిప్పండి. ప్లగ్ రంధ్రం నుంచి తుంపర వస్తే గాస్కెటో హెడ్డో పోయినట్టు. బోరోస్కోప్ (రంధ్రంలోంచి లోపల చూసే సన్నటి కెమెరా) ఉంటే, మిగతావి నల్లగా ఉండగా ఒక పిస్టన్ తల మాత్రం కడిగినట్టు మెరవడం కూడా అదే చెబుతుంది.

గ్యారేజీమూల
ఇక్కడ గులాబీ పొడి దొరికాక అంత దూరం వెళ్లక్కర్లేదనిపిస్తోంది. కూలెంట్ ఎండితే పొలుసు మిగులుతుంది. అది ఉన్న చోటు, లేదా దానికి సరిగ్గా పైన ఉన్న జాయింటు లీకయినట్టే. థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌ది అయితే సన్నటి చీలిక, కాకపోతే ఓ-రింగు (సీలుగా వేసే రబ్బరు చుట్టు). ఓ-రింగు తీసి వేళ్లతో పట్టుకు చూడండి: గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్క చదునైపోయి ఉంటే దాని పని అయిపోయింది. గాడి శుభ్రం చేసి, కొత్తదాన్ని కూలెంట్‌తోనే తడిపి కూర్చోబెట్టండి. గ్రీజు వద్దు, పెట్రోలియం గ్రీజుకి ఇలాంటి ఓ-రింగుల ఈపీడీఎమ్ రబ్బరు ఉబ్బుతుంది.

వాటర్ పంపుని మాత్రం మర్చిపోకండి. పంపు సీలు ముఖాల మధ్య కూలెంట్ పొర ఉండాలి, నెలలు నిలిస్తే అది ఎండుతుంది. పంపు అడుగున చిన్న వీప్ హోల్ (సీలు దాటిన కూలెంట్ బయటికి వచ్చే రంధ్రం) ఉంటుంది. అక్కడ పాత మరక పరవాలేదు. ప్రెజర్ పెట్టినప్పుడు చుక్క కడితే పంపు మార్చాల్సిందే. కొన్ని కేసుల్లో కాసేపు నడిపాక సీలు మళ్లీ కూర్చుంటుంది, దాన్ని నమ్ముకుని దూర ప్రయాణం పెట్టుకోవద్దు. టైమింగ్ బెల్టు తిప్పే పంపయితే అసలు ఆగొద్దు, కూలెంట్ బెల్టు మీద పడుతుంది.

చిన్నస్పానర్
చుక్క చిక్కకపోతే యూవీ డై (యూవీ లైటు కింద మెరిసే రంగు). కూలెంట్‌కి పనికొచ్చే రకమే కొనండి, ఏసీ గ్యాసుదీ ఆయిల్‌దీ వేరు. సీసా మీద రాసినంత పోసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకుని కింది హోస్ వేడెక్కే దాకా నడిపి, బండిని చల్లారనిచ్చి, చీకట్లో యూవీ లైటు వేయండి. అంతకు ముందే పాత పొలుసుని గోరువెచ్చని నీళ్లతో కడిగేయాలి, లేకపోతే కొత్త లీకేదో పాతదేదో తెలియదు.

ఎగ్జాస్టు మానిఫోల్డు వెనక బ్లాకులో ఉండే కోర్ ప్లగ్గుల (బ్లాకు రంధ్రాలు మూసే లోహపు బిళ్లల) చుట్టూ చూడండి. ఇవి లోపలి నుంచి తుప్పు పడతాయి. అక్కడ కారినది ఎగ్జాస్టు వేడికి ఆవిరైపోతుంది, నేల మీదకి రాదు.

పాతబండి
హౌసింగ్ విప్పాను. ఓ-రింగు ఒక పక్క చదునుగా ఉంది, ప్లాస్టిక్‌లో చీలిక లేదు. కొత్తది వేశాక ముల్లు 1.1 దగ్గర అరగంట నిలబడింది. స్టాప్ లీక్ సంగతి ఎవరూ చెప్పలేదు. నింపేటప్పుడు జాగ్రత్తలేమిటి?

నట్టుబోల్టు
స్టాప్ లీక్ పోయకండి. అది సన్నటి దారుల్లో పేరుకునే పదార్థం. నడవకుండా నిలిచే బండిలో హీటర్ కోర్‌లోనూ, రేడియేటర్ అడుగునా దిగుతుంది. ఓ-రింగు లీకుకి అది మందు కాదు కూడా.

నింపడానికి మీ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి, రంగు చూసి కాదు. రంగుకి ఏ ప్రమాణమూ లేదు. కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే డిస్టిల్డ్ వాటర్‌తో 50:50. ఇథిలీన్ గ్లైకాల్ ఆ పాళ్లలో దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఇంకా ఎక్కువ పోస్తే వేడి మోసే శక్తి తగ్గుతుంది, లాభమేమీ లేదు. పాతదాని వయసు తెలియకపోతే మొత్తం దించేయండి. తుప్పు ఆపే మందు కాలంతో పాటు అరిగిపోతుంది, బండి తిరిగిందా లేదా అన్నది దానికి అక్కర్లేదు.

రెంచి14
గాలి తీయకపోతే ఇంత చేసీ మళ్లీ మొదటికే. మెల్లగా పోయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఉంటే తెరిచి బుడగల్లేకుండా ధార వచ్చాక బిగించండి. హీటర్ వేడి వైపు పెట్టి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు ఆన్ అయ్యి ఆగే దాకా నడపండి. చల్లారాక మట్టం దిగుతుంది, మళ్లీ నింపండి. హీటర్‌లోంచి చల్లగాలే వస్తుంటే లోపల గాలి గడ్డ ఇంకా ఉంది.

దించిన కూలెంట్‌ని మూత ఉన్న డబ్బాలో పోసి పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ తాగేస్తాయి, కొంచెమైనా కిడ్నీలు పోతాయి. నేల మీద ఉన్న మరకని కూడా ఇసుక చల్లి ఊడ్చేసి, నీళ్లతో కడిగేయండి.