వాలంటీర్‌కి కూలి ఇస్తే అది సేవ కాకుండా పోతుందా? (చిత్రకొండ కటాఫ్ సంగతి)

లాంచీఘాట్:
ఒడిశా మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండలో నాకు జిరాక్స్ షాపు ఉంది. బలిమెల డ్యాం కడుతున్న రోజుల్లో మా నాన్న శ్రీకాకుళం నుంచి తాపీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే కటాఫ్ అంటే నాకు పేపర్లో వార్త కాదు, పొద్దున్న తలుపు తీస్తే కనబడే నీళ్లు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సీలేరు నది మీద డ్యాం కట్టి నీళ్లు నిలిపాక 151 ఊళ్లు అవతల ఉండిపోయాయి. వాటినే కటాఫ్ అంటాం. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క ఆంధ్రా కొండలు. కొన్ని ఊళ్లయితే అచ్చంగా లంకలే. లాంచీ దొరికితే చిత్రకొండ, దొరక్కపోతే కొండెక్కి ముంచంగిపుట్టు సంత. గురుప్రియ వంతెనకి 1982లో శంకుస్థాపన చేస్తే 2018 జులై 26న తెరిచారు. పొడవు 910 మీటర్లు, పట్టిన కాలం 36 ఏళ్లు. వంతెన మీదుగా బస్సు వచ్చింది, సెల్ టవర్ వచ్చింది, ఆ వెనకే సేవాసంస్థలూ వచ్చాయి.

వచ్చేవాళ్లకి దారి తెలీదు, భాష రాదు. నాకు ఫోన్ చేస్తారు: "అన్నా, లోకల్‌గా నలుగురు వాలంటీర్లని చూడండి." చూస్తాను. మొన్న ఫిబ్రవరిలో ఒక కంటి శిబిరం పెట్టారు. ఎవరన్నది చెప్పను, మనుషులు మంచివాళ్లే. అవతలి ఊరి కుర్రాడొకణ్ణి పిలిచాను. పసుపు ఉడకబెట్టే రోజులవి. పొయ్యి దగ్గర వాళ్ల అమ్మని కూర్చోబెట్టి వచ్చాడు. పొద్దున్న ఆరింటి నుంచి ముసలాళ్లని బండి మీద ఎక్కించుకుని ఏడు ట్రిప్పులు తిప్పాడు. తర్వాత డాక్టర్ గారి పక్కన నిలబడి అక్కడివాళ్ల దేశియా భాషలో మాట తిప్పి చెప్పాడు. గోడకి ఇంగ్లీషు అక్షరాల చార్టు కట్టారు. ఒక ముసలమ్మకి 'ఈ' అక్షరం చూపించి ఇదేంటని అడిగితే "దువ్వెన" అంది. డాక్టర్ గారు తలపట్టుకున్నారు. మనవాడు, "కనబడుతోందండి, పళ్లు ఎన్నో కూడా చెప్తోంది, రాసుకోండి" అన్నాడు. ఆ తర్వాత చార్టు పక్కన పెట్టి వేళ్లు చూపించి పరీక్ష చేశారు. ఆ ఐడియా వీడిదే.

సాయంత్రం ఇచ్చినవి: నీలం టీషర్టు, బిర్యానీ పొట్లం, పేరు తప్పు పడిన సర్టిఫికెట్. ఆ కాగితం పట్టుకుని షాపుకి వచ్చి, "అన్నా, ఇది ఎక్కడైనా ఇస్తే ఏమైనా ఇస్తారా?" అని అడిగాడు. నా జేబులోంచి 300 ఇచ్చి పంపాను. మరుసటి రోజు ఆ టీమ్ పెద్దాయనకి ఫోన్ చేసి, ఈసారి కుర్రాళ్లకి రోజు కూలి వేసుకోండి సార్ అన్నాను. "సేవకి కూలేంటండీ?" అన్నారు.

మీరేమంటారు?

బరంపురం బాబాయ్:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. గోపాల్‌పూర్ తీరం మాది. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత ఊరూరా తుపాను షెల్టర్లు కట్టారు, వాటికి ఊరి కుర్రాళ్లతోనే టీములు వేశారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ మా నెత్తి మీదే దిగింది. రాష్ట్రం మొత్తం మీద పది లక్షలకు దగ్గరగా జనాన్ని ముందే తరలించారు. మా వాడలో ముసలాళ్లని భుజాన వేసుకుని షెల్టర్‌కి చేర్చిన పిల్లలు ఒక్క రూపాయి అడగలేదు. అడిగి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో నువ్వే చెప్పు. ఒకసారి డబ్బు అలవాటైతే రేపు పక్కింటి వాడికి జ్వరం వచ్చినా రేటు చెప్తారు. ఇది నా కళ్లతో చూసి చెప్తున్న మాట.

ఉక్కునగరం:
మీరు చెప్పిన టీమ్ మాది కాదు గానీ మాదీ అలాంటిదే. విశాఖ నుంచి సీలేరు మీదుగా ఏడాదికి రెండుసార్లు వస్తాం. మేమూ జీతాలు తీసుకోం. సెలవు పెట్టుకుని, పెట్రోల్ మేమే పోయించుకుని వస్తాం. అంత చేసి వచ్చాక "మా కుర్రాడికి ఎంత ఇస్తారు?" అంటే మనసు చివుక్కుమంటుంది. పైగా దాతలు అడుగుతారు సార్. దుప్పటి ఇస్తే ఫొటో ఉంటుంది. కూలి ఇచ్చాను అంటే ఏం చూపించాలి?

లాంచీఘాట్:
@ఉక్కునగరం తమ్ముడూ, మీరు సెలవు పెట్టుకున్న రోజుకి ఆఫీసు జీతం ఇస్తుందిగా. వాడి సెలవుకి ఎవరిస్తారు?

దుప్పట్ల సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. వంతెన దాటగానే ఉన్న జాన్‌బాయిలో ఒకే చలికాలం మూడు దుప్పట్లు అందిన ఇల్లు ఉంది. బండి వెళ్లని ఊళ్లకి ఒకటీ చేరలేదు. పాత బట్టల మూటల్లో జీన్స్ ప్యాంట్లు వస్తాయి. ఒకసారి అవతల చోడి చేలో దిష్టిబొమ్మ చూశాను, దానికి బ్రాండెడ్ జీన్స్. పిట్టలు భయపడ్డాయో లేదో గానీ నాకు మాత్రం ముచ్చటేసింది.

లెక్కల జయపురం:
ఇలాంటి రెండు మూడు సంస్థల పుస్తకాలు నేను చూస్తుంటాను. "కూలి ఇస్తే రూల్స్ ఒప్పుకోవు" అని చాలామంది తప్పించుకుంటారు, అందుకని రాస్తున్నాను.

విదేశీ విరాళాల చట్టానికి 2020లో సవరణ వచ్చాక అడ్మిన్ ఖర్చు (ఆఫీసు నడిపే ఖర్చు) పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. నిజమే, చిన్న సంస్థలకి నడ్డి విరిగింది. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా ఆపేశారు. పెద్ద ఊళ్లోని సంస్థ ద్వారా మన వైపు చిన్న సంఘాలకి వచ్చే డబ్బు అక్కడే ఆగిపోయింది. కానీ ఆశయం కోసం నేరుగా పనిచేసేవాళ్ల జీతం అడ్మిన్ కింద రాదు. ఆసుపత్రిలో డాక్టర్, బడిలో టీచర్ అని నిబంధనల్లోనే ఉదాహరణలు ఇచ్చారు. శిబిరంలో మాట తిప్పి చెప్పే మనిషి ఆఫీసు ఖర్చు ఎలా అవుతాడు?

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుది ఇంకో గోల. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అందులో అడ్మిన్ 5 శాతం దాటకూడదు. ఆ 5 శాతం కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగానికి పెట్టే ఖర్చు మీద. ఊళ్లో పని చేయించే సంస్థ ఇచ్చే కూలికి దానితో సంబంధం లేదు. ఇది తెలియక కొందరు, తెలిసే కొందరు కూలి గడి ఖాళీగా వదిలేస్తారు. నేను చూసిన ఒక బడ్జెట్‌లో బ్యానర్లకి ఒక గడి, పూలదండలకి ఒక గడి ఉన్నాయి. మనుషులకి గడే లేదు.

బరంపురం బాబాయ్:
పూలదండల విషయంలో మాత్రం నీతో ఏకీభవిస్తాను బాబూ.

చోడంబలి:
నేను మల్కన్‌గిరి జిల్లాలోనే ఆరోగ్య శాఖలో పని చేస్తాను. ఏ ఊరో వద్దు.

బాబాయ్ గారూ, తుపాను రాత్రి వేరు, ఇది వేరండీ. మీ కుర్రాళ్లు మోసుకెళ్లింది సొంత నాయనమ్మల్ని. అది ఏడాదికి ఒకటి రెండు రాత్రులు. ఇక్కడ బయటివాళ్ల కార్యక్రమానికి వాళ్లు చెప్పిన తేదీన, వాళ్ల పనికి మనిషి కావాలి. నెలకి రెండు శిబిరాలంటే, ఒక్కోదానికి రెండు రోజుల చొప్పున, ఆ మనిషికి నాలుగు రోజులు పోతాయి. 2024-25లో ఉపాధి హామీ కూలి ఒడిశాలో 254, ఆంధ్రాలో 300. అదే కొండ, ఇటు దిగితే ఒక రేటు, అటు దిగితే ఇంకో రేటు. సేవకి వస్తే రెండూ లేవు!

సర్కారు కూడా ఈ మాటతోనే ఆడుకుంటుంది. 2005లో ఆశా కార్యకర్తల్ని పెట్టినప్పుడు వాళ్లని వాలంటీర్లే అన్నారు. అయినా గర్భిణిని ఆసుపత్రికి తీసుకొచ్చి కాన్పు చేయిస్తే 600 అని పనికి ఇంత చొప్పున ఇస్తున్నారు. చాలదని వాళ్లు ధర్నాలు చేస్తారు, ఆ గొడవ వేరే. కానీ డబ్బు తీసుకున్నందుకు ఆశా అక్క చేసేది సేవ కాదని ఏ తల్లీ అనలేదు. ఆంధ్రాలో అయితే 2019 తర్వాత వాలంటీర్ అంటేనే నెలకి 5000 గౌరవ వేతనం తీసుకునే మనిషి అని పేరు పడిపోయింది. అది మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ మొదలెట్టకండి, దణ్ణం పెడతాను.

ఇంకొకటి. 2016లో మా జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయారు. మెదడువాపు అన్నారు, జపనీస్ ఎన్సెఫలైటిస్ అన్నారు. ఎక్కడెక్కడి నుంచో దోమతెరలు, ఫాగింగ్ మిషన్లు వచ్చాయి. తర్వాత నిపుణుల బృందం వచ్చి, కొన్ని మరణాలకి అడవి కసింద గింజల విషం కారణమని చెప్పింది. ఇక్కడ దాన్ని బాణ చకుండ అంటారు. గట్ల మీద, బాటల పక్కన ఎక్కడపడితే అక్కడ మొలిచే మొక్క. దోమతెర లారీలో వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుని "అమ్మా, ఈ కాయ పిల్లల్ని ముట్టనివ్వకు" అని వాళ్ల భాషలో పదిసార్లు చెప్పే మనిషి లారీలో రాడు. అలాంటి మనిషిని ఊళ్లో నిలబెట్టాలంటే తిండికి సరిపడా ఇవ్వాలి కదండీ.

ఉక్కునగరం:
అక్కా, మీ మాటకి ఎదురు చెప్పలేను. కానీ నాకు నిజంగా భయం ఉంది. ఒక టీమ్ 500 ఇస్తే మిగతా అందరూ ఇవ్వాలి. ఇవ్వలేని చిన్నవాళ్లు రావడం మానేస్తారు. అప్పుడు ఆ కంటి శిబిరం కూడా ఉండదు.

లాంచీఘాట్:
కొందరు మానేస్తే మంచిదేమో. ఏడాదికి ఇరవై టీములు వచ్చి ఇరవైసార్లు బీపీ చూసి వెళ్తే, మందు రాసేవాడు లేక ఆ బీపీ అలాగే ఉంటోంది.

(ఇది కొంచెం కోపంతో రాశాను. ఉంచేస్తున్నాను.)

గట్టుమీద:
నమస్తే. మాది అవతల ఊరు. ముంచంగిపుట్టు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివాను, అందుకే తెలుగు వచ్చు. తప్పులుంటే అనుకోకండి. ఆ దువ్వెన ముసలమ్మ మా పెద్దమ్మ. కళ్లజోడు వచ్చింది, సంతకి వెళ్లేటప్పుడు మాత్రమే పెట్టుకుంటుంది.

అన్న నా గురించే రాశాడు, కోపం లేదు. కానీ డబ్బు విషయం మీరందరూ ఒకవైపు నుంచే చూస్తున్నారు. 2008లో ఈ నీళ్ల మీదే గ్రేహౌండ్స్ (ఆంధ్రా ప్రత్యేక పోలీసులు) లాంచీ మీద మావోయిస్టుల దాడి జరిగింది. 2011లో మా జిల్లా కలెక్టర్ వినీల్ కృష్ణ గారిని వాళ్లు ఎత్తుకెళ్లింది మా వైపే. మా అన్నయ్యల కాలంలో బయటివాళ్లతో ఎవరు తిరిగినా, ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నా ఇటు పోలీసులకీ అటు వాళ్లకీ, రెండు వైపుల నుంచీ అనుమానమే. ఇప్పుడు ఆ రోజులు లేవు. కానీ ముసలాళ్లు మర్చిపోలేదు. నా చేతిలో ఎవరైనా చాటుగా 500 పెడితే, ఊళ్లో మొదటి ప్రశ్న "ఎందుకిచ్చారు?" అనే. టీషర్టు కూడా అందుకే వేసుకోను. దాని మీద ఏదో పేరుంటుంది.

అందుకని వద్దనడం లేదు. మా పొదుపు సంఘం ఆడవాళ్ల ముందు ఇవ్వండి. ఇంత పని, ఇంతమంది, ఇంత కూలి అని చదివి చెప్పండి. సంఘం పుస్తకంలో రాస్తారు. అప్పుడు అది నా డబ్బు కాదు, ఊరికి వచ్చిన పని. రేపు నాకు కుదరకపోతే ఇంకొకడు వస్తాడు. ఇప్పుడు బండి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ప్రతిసారీ నన్నే పిలుస్తున్నారు. మా అమ్మ తిడుతోంది.

ఇంకో మాట. తేదీ మీరే పెట్టుకుని వస్తారు. సంత రోజు పెడితే ఊళ్లో ముసలాళ్లూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరు. "స్పందన తక్కువగా ఉంది" అని రాసుకుని వెళ్లిపోతారు.

బరంపురం బాబాయ్:
బాబూ గట్టుమీద, పై మాటలన్నీ చదివినా నేను మారలేదు గానీ నీ మాటకి కొంచెం కదిలాను. కూలి అనొద్దు, సంఘానికి ఇచ్చే సొమ్ము అందాం. నాకు ఆ పేరుతో అభ్యంతరం లేదు.

చోడంబలి:
పేరు ఏదైతేనేం బాబాయ్ గారూ. పుస్తకంలో అంకె ఒకటేగా.

ఉక్కునగరం:
@గట్టుమీద తమ్ముడూ, దీపావళి తర్వాత రావాలనుకుంటున్నాం. పన్నెండు మందిమి అనుకున్నాం, ఎనిమిది మందిమి వస్తాం. నలుగురి ఖర్చు మిగులుతుంది, అది మీ సంఘానికి కూలి కింద ఇస్తాం. మా కమిటీని ఒప్పించాలి, కొంచెం కష్టమే. మీ సంత ఏ రోజు?

గట్టుమీద:
రోజు కంటే ముందు ఇది చెప్పండి: ఎనిమిది మందిలో పళ్ల డాక్టర్ ఉన్నారా? ఊళ్లో అందరూ అడిగేది అదే. కళ్లు ఇప్పటికి నాలుగుసార్లు చూశారు.

ఉక్కునగరం:
లేరు. వెతుకుతాను.

లాంచీఘాట్:
దొరికాకే తేదీ పెట్టుకోండి. కూలి సంగతి మాత్రం ఇప్పుడే కాగితం మీద రాసి, ఎంతో అంకె వేసి, సంతకం పెట్టి నాకు వాట్సాప్ చెయ్యండి. ఒక కాపీ సంఘానికి, ఒకటి నా షాపులో ఉంటుంది. జిరాక్స్‌కి డబ్బులు తీసుకోను, ఈ ఒక్కదానికి.