30 అడుగుల సెయిల్‌బోటులో ఏసీ ఆగిపోతోంది

ప్రశ్న: ఫ్లోరిడా మెరీనాలో (బోట్లు కట్టి ఉంచే రేవులో) ఉన్న బోటు. బయటి నీటితో చల్లబడే 12,000 బీటీయూ మెరైన్ ఏసీ కొత్తగా బిగించాం. ఐదు నిమిషాలకే హై ప్రెషర్ ఫాల్ట్ (లోపలి గ్యాస్ పీడనం మరీ పెరిగిందని) చూపిస్తోంది. ఏం చూడాలండీ?

జవాబు 1: ఏసీకి చల్లబరిచే నీళ్లు సరిగా అందకపోతే ఈ ఫాల్ట్ వస్తుంది. ఏసీ నుంచి బోటు బయటికి పడే నీటిధార చూడండి. సన్నగా తెగి తెగి వస్తుంటే గొట్టంలో గాలి ఇరుక్కున్నట్టే. ఏసీకి నీళ్లు పంపే పంపు తనంతట తాను నీళ్లు లాక్కోలేదు, వాటర్‌లైన్ (బయటి నీటిమట్టం) కిందే ఉండాలి. త్రూహల్ (బోటు అడుగున నీళ్లు లోపలికి వచ్చే రంధ్రం) నుంచి స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ), పంపు, ఏసీ దాకా గొట్టం ఎక్కుతూనే పోవాలి. మధ్యలో చిన్న మెలిక పడినా గాలి అక్కడే కూర్చుంటుంది.

జవాబు 2: గాలి తీయాలంటే కరెంటు తీసేసి, సీకాక్ (త్రూహల్ దగ్గరి వాల్వు) మూసి, పంపు అవుట్‌లెట్ గొట్టం ఏసీ వైపు ఊడదీయండి. ఆ గొట్టం చివర వాటర్‌లైన్ కింద పట్టుకుని సీకాక్ తెరవండి. బుడగలు ఆగాక బిగించండి. స్ట్రెయినర్‌లో నాచు కూడా చూడండి.

జవాబు 3: ఇంకోటి, ముఖ్యమైనది. రిటర్న్ గాలి (చల్లబరచడానికి ఏసీ లోపలికి లాక్కునే గాలి) ఇంజన్ గది నుంచి అస్సలు రాకూడదు. వస్తే ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నేరుగా పడుకునే చోటికి వస్తుంది.