ఆరేళ్ళుగా వేస్తున్న హెయిర్ డై ఇప్పుడెందుకు పడలేదు?

పటమట_వాసి
అమ్మకి ఆదివారం పొద్దున ఎప్పట్లాగే డై వేశా, ఆరేళ్ళుగా అదే ప్యాకెట్, సోమవారం రాత్రి దాకా ఏం లేదు, మంగళవారం లేచేసరికి చెవుల వెనక నీటి పొక్కులు, కనురెప్పలు వాచిపోయి కళ్ళు తెరవలేకపోయింది. డాక్టర్ గారు డై ఎలర్జీ అన్నారు. అమ్మేమో "పడనిదైతే మొదటిసారే పడకూడదుగా, రాత్రి తిన్న రొయ్యలే చేసుంటాయి" అంటోంది. నాకూ అదే సబబనిపిస్తోంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బ్రాడీపేట_పీజీ
స్కిన్‌లో పీజీ చేస్తున్నానండీ. డాక్టర్ గారు చెప్పిందే కరెక్ట్. రొయ్యలు పడకపోతే నిమిషాల్లో, మహా అయితే రెండు మూడు గంటల్లో దద్దుర్లు లేస్తాయి, అది రక్తంలో ఉండే ఐజీఈ అనే ఇమ్యూనిటీ ప్రోటీన్ల (యాంటీబాడీల) పని. డై ఎలర్జీ మాత్రం టీ కణాలనే తెల్ల రక్తకణాల పని, అవన్నీ అక్కడికి చేరి వాపు తేవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

నల్ల డైలో పీపీడీ అనే రంగు రసాయనం ఉంటుంది. చాలా చిన్న అణువు, ఒంటరిగా ఉంటే ఇమ్యూనిటీ కంటికి ఆనదు. చర్మంలోకి దిగి మన ప్రోటీన్లకే అతుక్కుంటుంది, అప్పుడు మన సొంత ప్రోటీనే పరాయిదానిలా కనపడుతుంది. ఇట్లాంటివాటిని హ్యాప్టెన్ అంటారు, బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనరే 1930ల్లో గినీపందుల మీద దీన్ని తేల్చాడు. చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలు దాన్ని మోసుకెళ్ళి లింఫు గ్రంథుల్లో టీ కణాలకి చూపిస్తాయి, ఒకరికి రెండో డైకే ఇది జరగొచ్చు, ఇంకొకరికి పదేళ్ళు పట్టొచ్చు. ఒకసారి గుర్తుపట్టాక మాత్రం దాదాపు జీవితాంతం మర్చిపోవు.

మన మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు మండుతాయి చూడండి, అది ఎలర్జీ కాదు, కారం నరాలకి తగిలే మంట, మొదటిరోజే ఎవరికైనా వస్తుంది.

కొత్తపేట_గుంటూరు
మా నాన్నకి విరేచనాలు తగ్గడానికి మాత్ర వేసుకున్నప్పుడల్లా కింది పెదవి మీద అదే చోట నల్లమచ్చ లేస్తోంది, ఇప్పటికి మూడుసార్లు. ఇదీ అదేనా అన్నా?

బ్రాడీపేట_పీజీ
ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్‌లా ఉంది తమ్ముడూ, అంటే మందు పడక ప్రతిసారీ అదే చోట మచ్చ లేవడం, డాక్టర్‌కి చూపించండి. మచ్చ ఉన్నచోటే కొన్ని టీ కణాలు చర్మంలో కాపలా ఉండిపోతాయి, మందు మళ్ళీ లోపలికి రాగానే గంటల్లోనే లేస్తాయి. మెట్రోనిడజోల్, నార్‌ఫ్లాక్సాసిన్, సల్ఫా మందులకి ఎక్కువ చూస్తాం. పాత చీటీలు తీసి మందు పేరు రాసి నాన్నగారి పర్సులో పెట్టు, షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దను. ఏ మందుకైనా జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం, చర్మం ఊడటం కనిపిస్తే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి.

పటమట_వాసి
చాలా థ్యాంక్సండీ, అమ్మకి చదివి వినిపించా. ఇప్పుడు నల్ల మెహందీ పెట్టుకుంటానంటోంది, పర్లేదా?

బ్రాడీపేట_పీజీ
వద్దండీ! నల్లగా పండాలని అందులోనూ చాలాసార్లు పీపీడీనే కలుపుతారు. వాపు పూర్తిగా తగ్గాక ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్టు చేయించండి, అనుమానమున్న రసాయనాల్ని వీపుకి అతికించి 48 గంటలకి తీస్తారు, మళ్ళీ నాలుగో రోజు చూస్తారు. ఆ నాలుగు రోజులూ వీపు తడవకూడదు, అమ్మగారికి ముందే చెప్పండి.