కాకినాడలో 150 కుర్చీల సంగీత వేదిక: ఈ లెక్క నిలుస్తుందా?

ప్రశ్న (కాకినాడ శ్రోత)

మా నాన్నగారు కాకినాడలో కట్టించిన భవనంలో పై అంతస్తు, అందులో నడిచిన ట్యుటోరియల్ కళాశాల ఖాళీ చేసినప్పటి నుంచి మూతబడి ఉంది. 2,400 చదరపు అడుగుల ఆ హాలును కర్ణాటక సంగీతానికీ లలిత సంగీతానికీ అనువైన 150 కుర్చీల వేదికగా మార్చాలని నా ఆలోచన. గోడల పని, ఏసీలు, జనరేటరు, మైకులు, కుర్చీలు కలిపి 38 లక్షలవుతుందన్నారు. నెలకు 12 కచేరీలు, ఒక్కోదానికి వందమంది, టిక్కెట్టు 200 రూపాయలు అనుకుంటే 2,40,000 వస్తుంది. కళాకారులకు కచేరీకి 5,000 చొప్పున 60,000, కరెంటుకూ సిబ్బందికీ మిగతా నిర్వహణకూ 90,000 పోగా నెలకు 90,000 మిగులుతుంది కనుక, మూడున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుందనిపిస్తోంది. ఇదే హాలును ఒక కార్యాలయం వారు నెలకు 40,000 అద్దెకు అడుగుతున్నారు. ఈ నెలాఖరులోగా వారికి జవాబు చెప్పాలి. నా లెక్కలో లోపమెక్కడుందో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సభ కార్యదర్శి, రాజమహేంద్రవరం

మీ కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. వందమంది అన్న అంకె మాత్రం నాకు మింగుడు పడలేదు. శాస్త్రీయ సంగీత కచేరీకి ప్రవేశం ఉచితమన్న అలవాటు మన ఊళ్లలో తరాల నాటిది. కచేరీలు ఏర్పాటు చేసే మాలాంటి సంగీత సభలను నడిపేవి దాతల విరాళాలు, సభ్యత్వ రుసుములు. కిందటి ఏడాది మేము పట్టుబట్టి ఒక గాత్ర కచేరీకి 150 రూపాయల టిక్కెట్టు పెట్టాము. హాలులో తొంభై మంది దాకా కనిపించారు. మర్నాడు టిక్కెట్టు పుస్తకాలు విప్పి లెక్కపెడితే తెగినవి 31. మిగిలినవారు సభ్యులు, దాతల కుటుంబాలు, వయొలిన్ విద్వాంసుడి శిష్యులు, కచేరీ చివర్లో మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం వేళకు వచ్చి "ఇప్పుడింక టిక్కెట్టేమిటండీ" అంటూ కూర్చున్నవారు.

ఇక 5,000 సంగతి. గాత్రం, వయొలిన్, మృదంగం ముగ్గురికీ సంభావన, రానుపోను ఖర్చు, బస, భోజనం కలిపి 15,000 కన్నా తగ్గించడం మా వల్ల కాలేదు, అదీ పెద్ద పేరున్నవారిని పిలవకుండానే. మీకు 35 టిక్కెట్లు తెగితే వచ్చేది 7,000 కనుక కచేరీకి 8,000 చొప్పున, పన్నెండు కచేరీలకు 96,000 చేతి నుంచి పడుతుంది. కరెంటు బిల్లు దీనికి ఇంకా కలపలేదు.

చార్టర్డ్ అకౌంటెంటు, విజయవాడ

పై వారు రాబడి గురించి చెప్పారు. ఖర్చులో మీరు వదిలేసినవి రెండున్నాయి. కాదనుకుంటున్న 40,000 అద్దె కూడా ఈ వేదిక ఖర్చే. 38 లక్షల మీద ఏడాదికి 9 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు 28,500. నిర్వహణ 90,000తో కలిపితే, తంబూరా శ్రుతి చేయకముందే నెలకు 1,58,500 ఖర్చు. అందుచేత కుర్చీలను వదిలి, నెలలో ఎన్ని సాయంత్రాలు హాలును ఇతరులు అద్దెకు తీసుకుంటారో లెక్కించండి. సాయంత్రానికి 8,000 వస్తుందనుకుంటే 20 సాయంత్రాలు నిండాలి. అప్పటికి లాభనష్టాలు సమానమవుతాయి, ఏసీలూ కుర్చీల అరుగుదల లెక్కలోకి రాకుండానే.

పన్ను విషయానికి వస్తే, 500 రూపాయలు మించని కచేరీ టిక్కెట్టుకు జీఎస్‌టీ మినహాయింపు ఉంది కానీ హాలు అద్దెకు లేదు. 20 సాయంత్రాల చొప్పున ఏడాది అద్దె 19,20,000 అవుతుంది. మొత్తం రాబడి 20 లక్షలు దాటితే నమోదు చేసుకుని అద్దె మీద 18 శాతం పన్ను వేయాలి. కింది అంతస్తు అద్దె ఏమైనా వస్తూ ఉంటే అదీ ఈ మొత్తంలోకే చేరుతుంది.

హాలు నిర్వాహకుడు, విశాఖపట్నం

అద్దెకు వచ్చేవి అరంగేట్రాలు, సంగీత పాఠశాలల వార్షికోత్సవాలు, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు. శూన్యమాసమని కళ్యాణ మండపాలు బోసిపోయే పుష్యంలో మాకు ఊపిరి సలపదు, ఎందుకంటే త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడే. పరీక్షలూ ఎండలూ మొదలైతే మాత్రం ఈగలు తోలుకోవడమే. సినిమా పాటల కార్యక్రమాలకు టిక్కెట్లు బాగానే తెగుతాయి. అయితే 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కీర్తనకు అక్కరలేని కాపీరైట్ లైసెన్సు సినిమా పాటకు కావాలి, డ్రమ్ముల మోతకు ఇరుగుపొరుగు ఊరుకోరు. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి పది దాటితే 45 డెసిబెల్స్.

అన్నిటికన్నా ముందు మెట్ల సంగతి చూడండి. మాదీ మొదటి అంతస్తే, మా శ్రోతల్లో చాలామంది అరవై దాటినవారే. ఒకసారి లిఫ్టు పాడైనప్పుడు ఒక పెద్దాయన మెట్ల కిందే కుర్చీ వేయించుకుని, పైనుంచి వినిపించినంత మేరకు విని మంగళం అయ్యాక వెళ్లారు. మీ 38 లక్షల్లో లిఫ్టు ఉన్నట్టు లేదు.

కాకినాడ శ్రోత

లిఫ్టు నిజంగానే లేదు, ఆ ఆలోచనే రాలేదు. నిన్న ఊళ్లో నలుగురు నాట్యాచార్యులను, ఇద్దరు సంగీతం మాస్టార్లను కలిసి, ఏడాదిలో ఎన్ని సాయంత్రాలు తీసుకుంటారని అడిగాను. అందరివీ కలిపితే 14 వచ్చాయి, కావలసినవి 240. హాలు కార్యాలయానికే ఇస్తున్నాను. వచ్చే అద్దెలో నెలకు 10,000 పక్కన పెట్టి, రెండు నెలలకొక కచేరీ మా ఇంటి కింది హాలులో ఉచితంగా పెడతాను. అరవై మంది పడతారు, మెట్లు ఎక్కే పని లేదు.

సభ కార్యదర్శి, రాజమహేంద్రవరం

తేదీ నిశ్చయించాక తెలియజేయండి. మృదంగానికి మా ఊరి నుంచి మంచి కుర్రవాణ్ణి పంపుతాను. బస్సు చార్జీలు మాత్రం మీవే.