ప్రోనౌన్ దేన్ని చూపిస్తోందో పట్టుకోవడం ఎలా? (చర్చ)

బ్రాడీపేట_అభ్యర్థి: డీఎస్సీ, బ్యాంకు పరీక్షల స్పాటింగ్ ఎర్రర్స్‌లో (వాక్యంలో ఏ భాగంలో తప్పుందో గుర్తించే ప్రశ్నల్లో) ప్రోనౌన్ బిట్లకు ఒక పద్ధతి చెప్పండి. చిన్న వాక్యాల్లో తప్పు తెలిసిపోతుంది. వాక్యం పొడుగైతే ఏ ప్రోనౌన్ ఏ నౌన్‌ది అన్నది తేలదు.

గవర్నర్‌పేట_మాస్టారు: రూల్స్ పక్కన పెట్టి ముందు పెన్సిల్ తీయండి. ప్రోనౌన్ కింద గీత గీసి, అది ఏ నౌన్ బదులు వచ్చిందో ఆ నౌన్ దాకా బాణం వేయండి. అదే యాంటిసిడెంట్. ప్రోనౌన్ తీసేసి ఆ నౌన్‌నే అక్కడ పెట్టి చదవండి. అర్థం కుదిరితే అప్పుడు ఏకవచనమా బహువచనమా, హీ, షీ, ఇట్‌లలో ఏది అని చూడాలి. బాణానికి రెండు నౌన్లు పోటీపడితే వాక్యం అస్పష్టం. ఒక్కటీ దొరక్కపోతే యాంటిసిడెంటే లేదు.

ఎక్కువమంది జారేది మధ్యలో "ఆఫ్" ఉన్నచోట. "ద బ్యాగ్ ఆఫ్ చిల్లీస్ హ్యాజ్ లాస్ట్ దెయిర్ ట్యాగ్". దగ్గర్లో చిల్లీస్ ఉంది కదా అని దెయిర్ సరిగ్గానే వినిపిస్తుంది. మన మిర్చి యార్డులో ట్యాగ్ కట్టేది బస్తాకి, కాయలకి కాదు. కాబట్టి "ఇట్స్ ట్యాగ్". దగ్గరి నౌన్ కాదు, అర్థానికి కుదిరే నౌన్ కావాలి.

తెనాలి_వ్యాకరణం: మాస్టారు గారి మాటకు ఒకటి కలుపుతాను. అసలు చిక్కు మన భాష అలవాటులో ఉంది. "రవి సురేష్‌తో తన బండి పోయిందని చెప్పాడు" అంటే బండి రవిదే. "అతని బండి" అంటే సురేష్‌ది, లేదా ఇంకెవరిదో. ఇంగ్లీషులో రెండిటికీ "హిజ్" ఒక్కటే: "రవి టోల్డ్ సురేష్ దట్ హిజ్ బైక్ వజ్ స్టోలెన్". తెలుగులో ఆలోచించి రాసినవాళ్లకు ఇందులో సందేహమే కనబడదు, చదివేవాళ్లకు మాత్రం ఇద్దరూ కనబడతారు. సరిచేయాలంటే పేరు మళ్లీ రాయండి, లేదా డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చండి: రవి సెడ్ టు సురేష్, "మై బైక్ వజ్ స్టోలెన్".

క్రియ సంగతి కూడా ఉంది. "వచ్చాడు"లో మగవాడని తెలిసిపోతుంది. "వచ్చింది" అమ్మాయికీ బస్సుకీ ఒకటే. "రాలేదు"లో అదీ తెలియదు, అయినా తెలుగులో లోటు అనిపించదు. ఇంగ్లీషులో ఆ బరువంతా ప్రోనౌన్ మీదే. అందుకే పిల్లలు ప్రోనౌన్ వదిలేస్తారు, లేదంటే "మై బ్రదర్ హీ వర్క్స్ ఇన్ గుంటూర్" అని రెండుసార్లు పెడతారు. ఇక్కడ హీ తీసేయాలి. గౌరవంతో "వారు వచ్చారు" అనే అలవాటు కూడా లాగుతుంది: "మై టీచర్ కేమ్ అండ్ దే టోల్డ్ మీ". అక్కడ హీ, లేదా షీ.

కృష్ణలంక_అక్క: తమ్ముడూ, యాంటిసిడెంట్ వెతకకూడని చోటు కూడా తెలుసుకో. "ఇట్ ఈజ్ వెరీ హాట్ ఇన్ విజయవాడ"లో ఇట్ దేన్నీ చూపించదు. ఎండ, వాన, టైము, దూరం చెప్పేటప్పుడు సబ్జెక్ట్ సీటు ఖాళీగా ఉండకూడదని అక్కడ కూర్చుంటుంది, అంతే. వాక్యం మొదట్లో ఇలాంటి ఇట్ కనబడితే బాణం వేయకుండా ముందుకెళ్లిపో.

బ్రాడీపేట_అభ్యర్థి: థాంక్స్ అక్కా. "వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ" వచ్చినప్పుడు హ్యాజా, హ్యావా?

గవర్నర్‌పేట_మాస్టారు: హూ నుంచి బాణం వేయండి. "షీ ఈజ్ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్డ్". పాసైనవాళ్లు చాలామంది, ఆమె వాళ్లలో ఒకరు. హూ యాంటిసిడెంట్ స్టూడెంట్స్, అందుకే హ్యావ్. అదే "ద ఓన్లీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ" అయితే పాసైంది ఒక్కరే, బాణం వన్ దగ్గర ఆగుతుంది, హ్యాజ్.

ఆర్టికల్ కూడా చూసుకోండి. "ద సెక్రటరీ అండ్ ట్రెజరర్" అంటే రెండు పదవుల్లో ఒకే మనిషి, కాబట్టి హిజ్ లేదా హర్. "ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్" అంటే ఇద్దరు, దెయిర్.

అరండల్‌పేట_ఎడిటర్: "ఎవ్రీవన్ మస్ట్ బ్రింగ్ హిజ్ హాల్ టికెట్" ఒక్కటే కరెక్ట్ అని చాలా క్లాసుల్లో చెబుతున్నారు. అది పాత పద్ధతి. ఎవ్రీవన్‌కి దెయిర్ వాడటం ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఉంది, 2019లో వచ్చిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) ఏడో ఎడిషన్ స్టైల్ నియమాలు కూడా ఒప్పుకున్నాయి.

గవర్నర్‌పేట_మాస్టారు: వాడుక విషయంలో మీరన్నది నిజమేనండి. కానీ ఆబ్జెక్టివ్ పేపర్ ఆన్సర్ కీ చాలాసార్లు పాత పద్ధతినే పట్టుకుంటుంది. ఎవ్రీవన్‌తో దెయిర్ కనబడగానే అదే తప్పని గుర్తు పెట్టకండి. మిగతా భాగాల్లో ఖాయమైన తప్పు, అంటే టెన్సో ప్రిపోజిషనో, ఉందేమో చూడండి. అక్కడ ఏమీ లేకపోతేనే దీని మీదకు రండి. వ్యాసం రాసేటప్పుడైతే "ఆల్ క్యాండిడేట్స్ మస్ట్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్" అని బహువచనంలోకి మార్చేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అరండల్‌పేట_ఎడిటర్: పరీక్షకు ఆ క్రమం సరైనదే. డిస్క్రిప్టివ్ పేపర్ రాసేవాళ్లకు ఇంకొకటి. "దిస్" ఒక్కటే పెట్టి వాక్యం మొదలెట్టకండి. "ద బ్యారేజ్ గేట్స్ వర్ లిఫ్టెడ్ అండ్ ద రోడ్ వజ్ క్లోజ్డ్. దిస్ వర్రీడ్ ద ఫార్మర్స్". రైతులకు దిగులు నీళ్లు వదిలినందుకా, దారి మూసినందుకా? దిస్ పక్కన ఒక నౌన్ చేర్చి "దిస్ క్లోజర్" అనండి, సరిపోతుంది.

బ్రాడీపేట_అభ్యర్థి: నైదర్, నార్ మధ్య ఒక ఏకవచనం, ఒక బహువచనం ఉంటే?

తెనాలి_వ్యాకరణం: నార్ తర్వాతి నౌన్‌ని బట్టి. "నైదర్ ద టీచర్ నార్ ద స్టూడెంట్స్ హ్యావ్ బ్రాట్ దెయిర్ బుక్స్". రాసేటప్పుడు బహువచనాన్ని ఎప్పుడూ రెండోదిగా పెట్టండి. తిరగేస్తే వ్యాకరణం తప్పకపోయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.